ఎడమ రెక్క మీద వాల్వు

ఆ ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు ఆయన చేసిన పళ్ళతోనే ఆయన్ని చూసి నవ్వేవారు. కట్టుడు పళ్ళు చేయడం ఆయన వృత్తి, జర్మన్ రాకెట్ల నమూనాలు చేయడం ఆయన పిచ్చి. రెండింట్లోనూ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆయనకి అన్నం సహించేది కాదు కనక అందరూ ఆయన్ని మిల్లీమీటరు అనేవారు. భార్య కూడా వెనకాల అదే అనేది. ఎదురుగా ఉంటే "ఏమండీ" అనేది, అదీ పనిపడితేనే.

రెండో ప్రపంచ యుద్ధం ఆఖర్లో అటునుంచో సైన్యం ఇటునుంచో సైన్యం గుమ్మం దాకా వచ్చేసినా, జర్మన్ ఇంజనీర్లు బల్లల ముందు కూర్చుని కొత్త కొత్త రాకెట్లు గీస్తూనే ఉన్నారు. గీస్తున్నంతసేపూ చేతికి తుపాకీ ఇచ్చి ముందుకి తొయ్యరు కదా అని కొందరైనా గీసి ఉంటారని మిల్లీమీటరు అనుమానం. అలా గీసినవాటిలో చాలావాటికి కాగితం దాటే యోగం పట్టలేదు. మిల్లీమీటరుకి కావలసినవి సరిగ్గా అవే. "అందరికీ తెలిసింది వీ-టూ కదా, అది చెయ్యరేం?" అని ఎవరైనా అడిగితే ఒంటికాలి మీద లేచేవాడు.

"అది ఊళ్ళ మీద పడిందయ్యా! దాన్ని తయారు చేయించడానికి ఖైదీల్ని సొరంగాల్లో పెట్టి చంపారు. నా రాకెట్లు ఒక్క కోడిని కూడా చంపలేదు."

"కోడిని చంపలేదు గానీ నన్ను చంపుతున్నాయి. వాటి దుమ్ము దులిపేది నేను కదా," అనేది భార్య లోపల్నుంచి.

ఇంటి ముందుగదే ఆయన పని గది. ఒక బల్ల మీద ప్లాస్టర్ దవడలు, ఇంకో బల్ల మీద రాకెట్లు. ప్లాస్టర్ అచ్చుల్లో, చిగుళ్ళకి వాడే ప్లాస్టిక్ పొడితోనే రాకెట్లని కూడా పోసేవాడు. అందుకని ఆయన రాకెట్లన్నీ లేత గులాబీరంగులో, చూడ్డానికి సిగ్గుగా పుట్టేవి. వాటికి రంగేసి నలుగురిలోకి పంపించే పని బావమరిదిది. బావమరిది బోర్డు పెయింటరు. కొట్ల మీద పేర్లు, లారీల మీద అక్షరాలు, గోడల మీద ప్రకటనలు రాసి బతుకుతున్నవాడు. గుర్రపు వెంట్రుక లాంటి గీత గియ్యమంటే ఊపిరి బిగబట్టి మూడడుగుల పొడవున గీసేవాడు. పదిహేనేళ్ళపాటు బావ పొయ్యడం, బావమరిది పుయ్యడం, ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకోవడం. ఆకుపచ్చ ముదురా లేతా అని ఒకసారి మూడు వారాలు పోట్లాడుకున్నారు. మధ్యలో మిల్లీమీటరు భార్యకి అక్క ప్రాణం, భార్య ప్రాణం రెండూ విసిగిపోయి, "మీ ఇద్దర్నీ ఆ రాకెట్టుకి కట్టి వదిలితే నాకు శాంతి," అనేది.

ఆ శాంతి నాలుగేళ్ళ కిందట వచ్చింది. వచ్చాక అర్థమైంది, అది ఎంత చెడ్డదో.

కారణం సొరకాయ. పేరు పెట్టేలోపే యుద్ధం అయిపోయిన ఒక రాకెట్టు డిజైను అది. లావుపాటి పొట్ట, నాలుగు పొట్టి రెక్కలు. ఊళ్ళో ఇలా నమూనాలు చేసే పిచ్చివాళ్ళ సంఘం ఒకటుంది, అందులో అందరూ దాన్ని సొరకాయ అనేవారు. దాని డ్రాయింగు కాపీ ఆ చుట్టుపక్కల ఒక్క మిల్లీమీటరు దగ్గరే ఉంది. పాత పత్రికలు అమ్మేవాడి దగ్గర కట్టల కింద దొరికింది. ఎడమవైపు పై రెక్క మొదట్లో, ఆ కాగితం మీద, మిల్లీమీటరు వెడల్పున ఒక నల్లటి గుండ్రని చుక్క ఉంది. మన మిల్లీమీటరు దాన్ని మూడు నెలలు పరిశీలించి, ఇంధనం ట్యాంకులో ఒత్తిడి పెరిగితే వదిలే వాల్వని తేల్చాడు. నమూనా సైజు డ్రాయింగుకి రెట్టింపు కనక రెండు మిల్లీమీటర్ల వాల్వొకటి ఇత్తడితో చెక్కి, సొరకాయకి అతికించి, సంఘంలో పెట్టాడు. సంఘం నోరెళ్ళబెట్టింది.

బావమరిది ఒక్కడే ఒప్పుకోలేదు. "అది ఇంకు కాదు బావా," అన్నాడు కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుని. "ఇంకైతే కాగితంలోకి దిగుతుంది. ఇది పైన కూర్చుంది చూడు."

"గోడల మీద రాసుకునేవాడివి, డ్రాయింగుల సంగతి నీకెందుకురా?" అన్నాడు మిల్లీమీటరు.

అది నోరు జారడమే. కానీ జారిన మాటని ఆయన వెనక్కి తీసుకోలేదు, బావమరిది మింగలేకపోయాడు. వాడు ఇంటికెళ్ళి, బోర్డు చెక్కతో తనే ఒక సొరకాయ చెక్కుకుని, వాల్వు లేకుండా రంగేసి, సంఘం వార్షిక ప్రదర్శనకి తెచ్చాడు. అక్కడ న్యాయనిర్ణేత ఎవరు? మిల్లీమీటరే. సంఘం అధ్యక్షుడు రిటైరైన సర్వేయరు. ఆయన పెట్టిన రూలు ప్రకారం, ఉండాల్సిన భాగం లేకపోయినా, లేని భాగం పెట్టినా ఎనిమిది మార్కులు కోత. మిల్లీమీటరు పెన్సిల్ తీసి ఎనిమిదీ కోసేశాడు.

"తయారే కాని రాకెట్టుకి వాల్వు ఎక్కణ్ణుంచి వచ్చింది బావా?" అన్నాడు బావమరిది, అందరిముందూ.

"చదవడం వచ్చినవాళ్ళకి కనిపిస్తుందిలే," అన్నాడు మిల్లీమీటరు, అదీ అందరిముందే.

బావమరిది తన సొరకాయని పాత చొక్కాలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఆ గుమ్మం తొక్కలేదు. అక్కకి ఫోన్ చేస్తాడు, అదీ మిల్లీమీటరు పళ్ళు అప్పగించడానికి క్లినిక్కుకి వెళ్ళే వేళ చూసుకుని. ఈ నాలుగేళ్ళలో మిల్లీమీటరు ఇంకో ఏడు రాకెట్లు పోశాడు. వేరే పెయింటర్లకి చూపించాడు. ఒకడు వేసిన రంగు చూసి, దాన్ని టర్పెంటైనులో నానబెట్టి కడిగేశాడు. ఏడూ షెల్ఫు మీద చిగుళ్ళ రంగులోనే నిలబడి ఉన్నాయి. రోజూ వాటిని చూసి ఆయన మొహం గంటు పెట్టుకునేవాడు. బావమరిది ఎప్పుడో ఒకప్పుడు తప్పు ఒప్పుకుని వస్తాడని ఎదురు చూసేవాడు. వాడు రావాలనే కోరిక మాత్రం నిజంగా ఉండేది, తప్పు ఒప్పుకోవాలనేది ఊరికే పక్కన తగిలించుకున్నాడు.

ఈలోగా వాల్వు మహా వృద్ధిలోకి వచ్చింది. సంఘంలో పద్నాలుగుమంది సొరకాయలు చేశారు, పద్నాలుగింటికీ వాల్వుంది. లెక్కల మాస్టారు ఒకాయన దాన్ని తెరుచుకునేలా, మూసుకునేలా చేశాడు. అంతటితో ఆగక, అది ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో లెక్కగట్టి సంఘం పత్రికలో ఆరు పేజీల వ్యాసం రాశాడు. ఈ ఏడాది ప్రదర్శన కరపత్రం ముఖచిత్రం మీద రాకెట్టు కూడా లేదు, వాల్వొక్కటే ఉంది. పైగా మిల్లీమీటరు సొరకాయని గ్రంథాలయంలో గాజుపెట్టెలో శాశ్వతంగా పెడతామన్నారు.

ప్రదర్శన ఆదివారం. గురువారం పొద్దున ఆయన నోట్లో పచ్చి వెలక్కాయ పడింది.

జర్మనీలో పాత కాగితాలు దాచే ఆఫీసేదో తన దగ్గరున్న డ్రాయింగులన్నీ ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. అందులో సొరకాయ కూడా ఉంది. మిల్లీమీటరు మురిసిపోయి, అదే సైజులో ప్రింటు తీయించుకొచ్చి, దవడల ఎక్స్‌రేలు చూసే లైటుపెట్టె మీద పరిచాడు. దాని మీద తన కాగితం పరిచాడు. గీతకి గీత కలిసింది. రెక్కకి రెక్క కలిసింది. వాల్వు మాత్రం కింది కాగితంలో లేదు.

అసలుదే తప్పేమో అనుకున్నాడు మొదట. మిల్లీమీటరంటే అలాంటివాడు మరి. తర్వాత భూతద్దం పెట్టాడు. తర్వాత కాగితాన్ని ఏటవాలుగా పట్టుకున్నాడు. చుక్క పైకి కూర్చుని ఉంది. పళ్ళ గార గీకే కొక్కెం తీసి, మొనతో అంచుని తట్టాడు. వాల్వు పెచ్చులా ఊడి బల్ల మీద పడింది.

భార్య కాఫీ తెచ్చి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. "ఏంటండీ అలా బిగుసుకుపోయారు? ఎవరి పళ్ళైనా విరిగాయా?"

"వాల్వు ఊడింది."

ఆవిడ వంగి, భూతద్దంలోంచి ఒక్క క్షణం చూసింది. "ఈగ రెట్ట," అంది.

"అంత తొందరగా తేల్చెయ్యకు."

"ముప్ఫై ఏళ్ళుగా కిటికీ అద్దాలు తుడుస్తున్నాను. నాకు మీరు చెప్పాలా?" అని, అప్పుడు విషయం తలకెక్కి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంటే... మా తమ్ముడు చెప్పిందే నిజమన్నమాట."

మిల్లీమీటరు ఊడిన పెచ్చుని కొక్కెం మొనతో అటూ ఇటూ జరిపాడు.

"ఈగ రెట్ట కోసం మా తమ్ముణ్ణి నాలుగేళ్ళు గడప తొక్కనివ్వలేదు మీరు."

"నేను రావద్దనలేదే!"

"రమ్మని కూడా అనలేదుగా. వెళ్ళి చెప్పండి. ఇవాళే చెప్పండి."

"ఆదివారం అయ్యాక చెప్తాను," అన్నాడాయన. "కరపత్రాలు అచ్చయిపోయాయే. మాస్టారు ఆరు పేజీలు రాశాడే. ఇప్పుడు ఈగ అంటే నా తల ఎక్కడ పెట్టుకోను?"

ఆవిడ కాఫీ గ్లాసు తిరిగి లోపలికి పట్టుకుపోయింది. ఆ రోజుకి ఆయనకి కాఫీ లేదు.

శుక్రవారం ఆయన చెప్పలేదు. బావమరిది కొట్టు దాకా వెళ్ళాడు గానీ, వాడు నిచ్చెన మీద ఎక్కి బోర్డు రాస్తుంటే కింద నుంచి వాడి మడమలు చూసి తిరిగి వచ్చేశాడు. నాలుగేళ్ళు తన వల్ల కుమిలినవాడికి "అది ఈగ రా" అని ఎలా చెప్పడం? విన్నాక వాడు ఈ జన్మకి మొహం చూడడు. ఇన్నాళ్ళూ వాడు రావడానికి వాడి మొండితనమే అడ్డమని అనుకుంటూ కాలక్షేపం చేశాడు. ఇప్పుడు ఆ వసతి కూడా పోయింది. శనివారం సాయంత్రం భార్య ఫోన్ పెట్టేసి వచ్చి, "రేపు ప్రదర్శనకి వస్తున్నాడు. అదే సొరకాయ మళ్ళీ పెడుతున్నాడట," అంది.

ఆదివారం గ్రంథాలయం మేడ మీది హాల్లో పొడుగుబల్లలు వేసి, తెల్లగుడ్డలు పరిచి, రాకెట్లు నిలబెట్టారు. యాభై దాటిన మగాళ్ళు ముప్ఫైమంది, ఊపిరి తగిలితే ఏం విరుగుతుందో అన్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నారు. ఒకాయన తన రాకెట్టు పక్కన "దయచేసి తుమ్మవద్దు" అని రాసిపెట్టుకున్నాడు. మిల్లీమీటరు మెళ్ళో భూతద్దం, చేతిలో కొలబద్ద, జేబులో కొక్కెం పెట్టుకుని బల్లబల్లకీ మార్కులు వేసుకుంటూ వస్తున్నాడు. పక్కనే అధ్యక్షుడు అట్ట పట్టుకుని నడుస్తున్నాడు. వాల్వు ఉన్న సొరకాయలు వచ్చినప్పుడల్లా మిల్లీమీటరు పెన్సిల్ మొద్దుబారినట్టు నటించి, చెక్కుకుంటూ దాటేశాడు.

ఆఖరి బల్ల దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. వేళ్ళకి పసుపు రంగు అంటుకుని ఉంది. అన్నేళ్ళ తర్వాత వాణ్ణి అంత దగ్గరగా చూసేసరికి మిల్లీమీటరు చేతిలో కొలబద్ద సంగతే మరిచిపోయాడు.

"రండి బావగారూ," అన్నాడు బావమరిది.

పదిహేనేళ్ళలో వాడు ఆయన్ని ఒక్కసారి కూడా గారు చేర్చి పిలవలేదు. ఆ "గారు" ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. తల వంచుకుని సొరకాయ మీదికి వంగాడు. అదే చెక్క సొరకాయ. అదే పొట్ట, అవే రంగులు, పొట్టకి అడ్డంగా వాడు గీసిన అదే సన్నటి గీత. ఎడమవైపు పై రెక్క మొదట్లో, రెండు మిల్లీమీటర్ల వెడల్పున, వాల్వు.

"మీరు చెప్పినట్టే పెట్టాను," అన్నాడు బావమరిది నేల చూస్తూ. "నాలుగేళ్ళు ఆలోచించాను. మీరే రైటు. నాకు చదవడం రాలేదు."

"శెభాష్!" అన్నాడు అధ్యక్షుడు. చుట్టూ చేరిన సంఘమంతా చప్పట్లు కొట్టింది. లెక్కల మాస్టారు బావమరిది భుజం తట్టి, వాల్వు ఒత్తిడి గురించి తన వ్యాసం చదవమని సలహా కూడా ఇచ్చాడు.

మిల్లీమీటరు తలెత్తి భార్య వైపు చూశాడు. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, కళ్ళు పెద్దవి చేసి, పెదాల మీద వేలు పెట్టుకుంది. గురువారం చెప్పమన్న మనిషే ఇప్పుడు నోరు మూసుకోమంటోంది. ఎందుకు మూసుకోవాలో ఆయనకీ తెలుసు. ఒక్క టిక్కు పెడితే చాలు. తమ్ముడు ఇంటికొస్తాడు, గాజుపెట్టె వస్తుంది, కరపత్రాలు పనికొస్తాయి, ఈగ సంగతి లోకంలో ఇద్దరికే తెలుస్తుంది. ఇంతకంటే చౌకగా ఏ గొడవా తేలదు.

ఆయన పెన్సిల్ కాగితం మీద పెట్టాడు. పెన్సిల్ కదల్లేదు. లేనిదాని పక్కన ఉందని టిక్కు పెట్టడం ఆయన చేతికి అలవాటు లేదు, అదొకటి. అంతకంటే, ఒప్పు చెప్పినవాడు తన ఎదురుగా తప్పు ఒప్పుకుంటూ తలవంచి నిలబడితే చూడలేకపోయాడు. వాడి మెడ వెనక ఎముక కనబడుతోంది. అలా వంచింది తనే.

"వాడిది తప్పు కాదు," అన్నాడు మిల్లీమీటరు.

"ఏంటి?" అన్నాడు అధ్యక్షుడు.

"వాల్వు లేదు. ఎప్పుడూ లేదు. అసలు డ్రాయింగు దొరికింది, అందులో లేదు. నా కాగితం మీద ఉన్నది..." అని గొంతు సవరించుకున్నాడు. "ఈగ రెట్ట."

పద్నాలుగుమంది పెద్దమనుషులు మెల్లగా తల తిప్పి, ఎవరి సొరకాయ వైపు వాళ్ళు చూసుకున్నారు.

"ఆరు పేజీలు..." అన్నాడు లెక్కల మాస్టారు ఎవరితోనో.

"కరపత్రం ముఖచిత్రం!" అన్నాడు అధ్యక్షుడు. చేతిలో ఉన్న కరపత్రాన్ని బోర్లించి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి కూడా పెట్టాడు.

"గురువారమే తెలిసింది," అన్నాడు మిల్లీమీటరు. ఇక దాచి చేసేదేముంది? "మూడు రోజులు దాచాను. సిగ్గేసి దాచాను. వాడు ఆ రోజే చెప్పాడు, ఇది ఇంకు కాదని. వాడి కన్ను నాకు తెలుసు. అయినా గోడల మీద రాసుకునేవాడివని అన్నాను. మీ అందరిముందూ చదవడం రాదన్నాను. అది ఇవాళ మీ అందరిముందే తీసేసుకుంటున్నాను." బావమరిది వైపు తిరిగాడు. "నన్ను తిడతావో కొడతావో నీ ఇష్టం రా. ఆ ముక్క మాత్రం నీ రాకెట్టు మీద ఉండటానికి వీల్లేదు."

జేబులోంచి కొక్కెం తీశాడు. అక్కడి పాత రంగు గీకి వాల్వు అతికించి, మీంచి మళ్ళీ రంగేసి ఉంటాడు, ఎవరైనా అలాగే చేస్తారు. ఉత్త చెక్క మీద జిగురైతేనే గట్టిగా పడుతుంది, రంగు దాని మీంచి వెయ్యాలి. కనక అది ఊడితే చుట్టూ రంగు లేస్తుంది, కింద ఉత్త చెక్క బయటపడుతుంది, వాడి చక్కటి పని పాడవుతుంది. చెయ్యి వణక్కుండా మణికట్టుని బల్లకి ఆనించి, మొనని అంచు కిందికి జాగ్రత్తగా తోశాడు.

తోసీ తోయకముందే వాల్వు జారి గుడ్డ మీద పడింది.

కింద చెక్క లేదు. రంగుంది. పొట్ట మీది సన్నటి గీత ఎక్కడా తెగకుండా వాల్వు కిందనుంచి వెళ్తోంది. రంగు మీద కాస్త తెల్లటి జిగురు, స్కూలు పిల్లలు కాగితాలు అంటించుకునే రకం. తడి వేలితో రాస్తే పోయింది.

మిల్లీమీటరు భూతద్దం పెట్టి ఆ చోటుని చూశాడు. నాలుగేళ్ళ కిందట వేసిన రంగు, నిన్నో మొన్నో పూసిన జిగురు. కన్ను ఎంత ఏమార్చుకోవాలన్నా అక్కడ వేరే అర్థం దొరకలేదు. వాడు ఆలోచించలేదు, మనసు మార్చుకోలేదు, ఒక్క రోజు కూడా ఆ వాల్వుని నమ్మలేదు. తనదే ఒప్పని తెలిసీ, దాని మీద అబద్ధం అంటించుకుని, పట్టుకొచ్చి, ముప్ఫైమంది ముందు తలవంచాడు.

"నీకు తెలుసు," అన్నాడు. "తెలిసి కూడా ఎందుకు పెట్టావురా?"

"ఏం చెయ్యమంటావు బావా?" అన్నాడు బావమరిది. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వా దిగవు. నీతో పోట్లాడకుండా నేను ఎన్నేళ్ళుండను?"

మిల్లీమీటరు ఏడ్చాడు. జేబురుమాలు దొరక్క, రాకెట్లు తుడిచే మెత్తటి గుడ్డతో ముక్కు తుడుచుకుని మరీ ఏడ్చాడు. సంఘం సభ్యులకి ఎటు చూడాలో తెలియక, తుమ్మవద్దన్న రాకెట్టు వైపు చూశారు. చివరికి అధ్యక్షుడే దగ్గి, "మరి మార్కులు ఏం వెయ్యమంటారు?" అన్నాడు.

మిల్లీమీటరు కళ్ళు తుడుచుకుని, కాగితం లాక్కుని, పెన్సిల్‌తో గీత కొట్టాడు. "ఎనిమిది కోత," అన్నాడు.

"ఎందుకు?" బావమరిది గొంతు ఒక్కసారిగా లేచింది.

"లేని భాగం పెట్టావు. రూలు రూలే."

"నువ్వు పెట్టమంటేనే కదా పెట్టింది!"

"నేను పెట్టమంటే పెట్టేస్తావా? నీ బుద్ధి ఏమైంది?"

"లేదన్నప్పుడూ ఎనిమిది, ఉందన్నప్పుడూ ఎనిమిదీనా? నువ్వు మనిషివా, కొలబద్దవా?"

"అసలు ఆ ఆకుపచ్చ కూడా ముదురుగానే ఉంది. అప్పుడే చెప్పాను."

"ముదురా? నీ మొహం! లేత!"

గుమ్మం దగ్గరున్న ఆవిడ లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని వాళ్ళిద్దరి మధ్యలో కూర్చుంది. వాళ్ళని ఆపమని అధ్యక్షుడు సైగ చేస్తే, ఆపనని తలూపి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఆ గొడవంతా చివరిదాకా విన్నది.